గాలివాన రాకముందే మిషను రంపం: డెల్టా తోటల్లో కంపెనీని, విడిభాగాలను ఎంచుకునే విధానం

గోదావరి డెల్టాలో మిషను రంపం కొనేవారిలో ఎక్కువమంది తుపాను వెలిసిన మర్నాడే కొంటారు. అప్పటికి తోట దారికి అడ్డంగా కొబ్బరి మానులు పడి ఉంటాయి, గట్ల మీద పెద్ద చెట్లు కాలువలోకి ఒరిగి ఉంటాయి, దుకాణంలో మిగిలిన మిషను ఏదైతే అదే చేతికొస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని ఎంతగా నేలకూల్చిందో చూసినవారు ఇప్పటికీ ఆ రోజుతోనే లెక్క చెబుతారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపాన తీరం దాటినప్పుడు మా తోటలోనూ మానులు పడ్డాయి. నా దగ్గర మిషను ఉంది, పెట్రోలు ఉంది, కానీ సరైన చైను లేక రెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ అనుభవం తరువాత నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: మిషను రంపాలను పోల్చవలసింది అట్టపెట్టె మీద రాసిన శక్తిని చూసి కాదు, వాటి విడిభాగాలు మీ ఊరికి ఎంత దూరంలో, ఎంత త్వరగా దొరుకుతాయో చూసి. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

ముందు మీ కోత ఏమిటో తేల్చుకోండి

మీ తోటలోకి వెళ్ళి, మీరు కోయవలసి రాగల మానులలో అతి లావైనదాన్ని, అతి తరచుగా ఎదురయ్యేదాన్ని టేపుతో కొలవండి. ఈ రెండింటిలో తరచుగా ఎదురయ్యేదాన్ని బట్టే మిషను కొనాలి. లావైనదాన్ని ఏ రెండేళ్ళకో ఒకసారి కోస్తారు కనుక, దానికోసం పెద్ద మిషనున్న కోతవారిని పిలుచుకోవడమే మేలు.

మామిడి, నిమ్మ, జామ వంటి చెట్ల కొమ్మలు తీయడానికి, కడియం వైపు నర్సరీలలో చేసే కత్తిరింపులకు 30 నుంచి 40 సీసీ ఇంజను, 14 లేదా 16 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పలక) సరిపోతాయి. స్టిల్ కంపెనీ ఎంఎస్ 180 ఇంజను 31.8 సీసీ, హస్క్‌వర్నా కంపెనీ 236 ఇంజను 38.2 సీసీ, రెండూ ఈ తరగతివే. పడిపోయిన కొబ్బరి మానులను ముక్కలు చేయడం మీ ప్రధానమైన పని అయితే 45 సీసీ ప్రాంతంలో, 16 లేదా 18 అంగుళాల బార్‌తో ఉన్న మిషను చూడండి. ఎంఎస్ 250 (45.4 సీసీ), హస్క్‌వర్నా 445 (45.7 సీసీ) ఇక్కడికి వస్తాయి. రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరు, పాత చింత, ముదురు మామిడి వంటి వాటి మొదళ్ళకు 70 సీసీ దాటిన ఇంజను కావాలి; దానిని రోజంతా మోయగల భుజమూ కావాలి. 2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున కూలిన పాత నిద్రగన్నేరును చూసినవారికి అటువంటి మాను మొదలు ఎంత వైశాల్యంలో ఉంటుందో తెలుసు. ఆ పని ఇంటి మిషనుతో తలపెట్టకండి.

కొబ్బరి మానును కోసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అది మామిడి, టేకుల్లా లోపల చేవ గట్టిపడే చెట్టు కాదు. తాటి, ఈత చెట్ల జాతిది. దాని గట్టిదనమంతా బయటి అంచులో ఉంటుంది, నడుమ భాగం మెత్తగా, పీచుగా ఉంటుంది. బయటి అంచు చైను పళ్ళను త్వరగా అరగదీస్తుంది. లోపలి తడి పీచు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ళచక్రం) చుట్టూ చుట్టుకుని, మూత లోపల ముద్దకట్టి, చైనుకు వెళ్ళే నూనె దారిని మూసేస్తుంది. అందువల్ల కొబ్బరి కోసే మిషనుకు ఇంజను కంటే ముందుగా చైను, బార్, స్ప్రాకెట్, నూనె పంపు అరుగుతాయి. మన ప్రాంతంలో విడిభాగాల లెక్క వేరుగా ఉండడానికి కారణం ఇదే.

దుకాణంలో మిషను చూడకముందు విడిభాగాలు అడగండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, రాజమహేంద్రవరం – మీకు ఏది దగ్గరైతే ఆ ఊళ్ళో వ్యవసాయ యంత్రాల దుకాణానికి వెళ్ళి, మిషను ధర అడగకముందే ఇలా అడగండి: ఈ మిషనుకు చైను, బార్, స్ప్రాకెట్, స్టార్టర్ తాడు, దాని స్ప్రింగు, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ డయాఫ్రమ్ కిట్, నూనె పంపు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా, ఉంటే చూపించగలరా? తెప్పిస్తామని చెప్పడం ఒక జవాబు, బల్ల మీద పెట్టి చూపించడం ఇంకొక జవాబు. తుపాను తరువాత దారులు తెగి, కొరియరు ఆగి, కరెంటు లేని మూడు రోజులలో మొదటి జవాబు ఎందుకూ కొరగాదు. రెండో ప్రశ్న, మిషను విప్పి బిగించే మనిషి దుకాణంలోనే ఉన్నాడా అన్నది. మిషనులు అమ్మి, మరమ్మతుకు వేరే ఊరు పంపే దుకాణం కంటే, నాలుగు మిషనులు విప్పి బల్ల మీద పరుచుకున్న చిన్న షెడ్డు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక కంపెనీల సంగతి. స్టిల్ 1926లో మొదలైన జర్మనీ సంస్థ. వారి మిషనులలో చాలావాటికి క్లచ్ లోపలి వైపున, స్ప్రాకెట్ బయటి వైపున ఉంటుంది కాబట్టి ఒక చిన్న క్లిప్పు తీస్తే స్ప్రాకెట్ ఊడివస్తుంది. కొబ్బరి పీచు చుట్టుకున్నప్పుడు తోటలోనే శుభ్రం చేసుకోవచ్చు. హస్క్‌వర్నా స్వీడన్ సంస్థ. 1689లో తుపాకుల కర్మాగారంగా పుట్టి, 1959లో తొలి మిషను రంపం తయారు చేసింది. వారి చిన్న మోడళ్ళలో చాలావాటికి క్లచ్ బయటి వైపున ఉంటుంది, స్ప్రాకెట్ మార్చాలంటే క్లచ్‌నే విప్పాలి. దాని మర ఎడమ చేతి వాటంగా ఉంటుందని మరచి మామూలు బోల్టులా తిప్పితే విప్పడానికి బదులు ఇంకా బిగిస్తారు. ఇంకొక జాగ్రత్త: హస్క్‌వర్నాలో చైను బ్రేకు పట్టీ సాధారణంగా పక్కమూతలోనే ఉంటుంది. బ్రేకు వేసి ఉండగా మూత తీస్తే అది తిరిగి కూర్చోదు. బ్రేకు వదిలిన తరువాతే మూత విప్పండి. మకితా జపాను సంస్థ; 1927లో పెట్రోలు రంపం తెచ్చిన జర్మనీ డోల్మార్ సంస్థను 1991లో కొనుక్కున్నది. కరెంటుతో, బ్యాటరీతో నడిచే రంపాలలో దానికి మంచి పేరున్నది. కరెంటు రంపం ఇంటి పెరట్లో హాయిగా ఉంటుంది కానీ, తుపాను మర్నాడు జనరేటరు లేకుండా అది పనికిరాదు. బ్యాటరీ మిషను కొంటే ఛార్జి చేసిన రెండో బ్యాటరీ ఉండి తీరాలి.

మిగిలినవి 52, 58 సీసీ అని రాసి, 20 లేదా 22 అంగుళాల బార్‌తో, తక్కువ ధరకు రకరకాల పేర్లతో దొరికే చైనా మిషనులు. వీటిని చులకన చేయడం సరి కాదు. డెల్టాలో ఎన్నో తోటలు వీటితోనే నడుస్తున్నాయి. పేర్లు వేరైనా వీటిలో అత్యధికం జపాను జెనోవా సంస్థ పాత నమూనాను అనుసరించినవే, కాబట్టి ఒక పేరు మిషను భాగం ఇంకొక పేరు మిషనుకు చాలాసార్లు సరిపోతుంది. అదే వీటి బలం. బలహీనత ఏమిటంటే కొలతలలో నికరం ఉండదు. పెట్టె మీద 58 అని ఉన్నా లోపల సిలిండరు 52దే కావచ్చు. పిస్టను, రింగు కొనేటప్పుడు సీసీ చెప్పి తెచ్చుకోకుండా, పాత పిస్టనునే గుడ్డలో చుట్టుకుని దుకాణానికి పట్టుకువెళ్ళండి.

నా సలహా అడిగితే, ఏడాదికి పది రోజులకు పైగా కోత ఉన్నవారు, దగ్గరలో పనిమంతుడైన మెకానిక్ ఉన్న పక్షంలో, స్టిల్ లేదా హస్క్‌వర్నాలలో ఆ మెకానిక్ దేనిని ఎక్కువగా విప్పుతాడో దానినే కొనాలి. ఏడాదికి రెండు మూడు రోజులు మాత్రమే అవసరమైనవారు చైనా మిషను కొని, మిగిలిన డబ్బులో కొంత విడిభాగాలకు ఖర్చు పెట్టాలి.

చైను కొలత రాసి పెట్టుకోండి

ఈ ఒక్క పనీ ఈ రోజే చేయండి. మొంథా మర్నాడు నేను చేసిన పొరపాటు ఇక్కడిదే. చైను తెగితే మోటారు సైకిలు మీద దుకాణానికి వెళ్ళి, ఇరవై రెండు అంగుళాల చైను కావాలని అడిగాను. ఇచ్చారు, తెచ్చాను. బార్ మీద ఎక్కించబోతే చైను కింది నాలుకలు స్ప్రాకెట్ పళ్ళ నడుమ దిగలేదు. తిప్పితే కటకటమంటూ ఎక్కి దిగింది. తిరిగి వెళ్ళేసరికి ఆ కొలత చైనులన్నీ అయిపోయాయి. చివరికి వేరే ఊళ్ళో ఒక మెకానిక్ చైను ఇస్తూ, "అంగుళాలు కాదండీ, లింకులు చెప్పాలండీ" అన్నాడు. అతను చెప్పినది అక్షరాలా నిజం.

చైనుకు మూడు కొలతలు ఉంటాయి. మొదటిది పిచ్. చైనును బల్ల మీద చాచి, వరుసగా మూడు రివెట్లను ఎంచుకుని, మొదటి రివెట్ నడిమి నుంచి మూడో రివెట్ నడిమి దాకా స్కేలుతో కొలిచి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే అదే పిచ్. మూడు రివెట్ల మధ్య దూరం సుమారు 16.5 మిల్లీమీటర్లు వస్తే అది పాయింట్ 325 అంగుళాల చైను, 19 మిల్లీమీటర్లు వస్తే 3/8 అంగుళం, 12.7 వస్తే పావు అంగుళం. నా చైను 16.5ది, నాకిచ్చినది 19ది. కంటికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, రెండున్నర మిల్లీమీటర్ల తేడా మాత్రం స్ప్రాకెట్ ఒప్పుకోదు.

రెండోది గేజ్, అంటే బార్ గాడిలో దిగే నాలుక మందం. ఇది 1.1, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లలో ఏదో ఒకటిగా ఉంటుంది. మందం ఎక్కువైతే గాడిలో దిగదు. తక్కువైతే దిగుతుంది గానీ, చైను పక్కకు వాలి కోత వంకర పోతుంది. మూడోది కింది నాలుకల సంఖ్య; మెకానిక్ లింకులన్నది వీటినే. చైనును తెల్లని తువ్వాలు మీద పరిచి, ఒక నాలుకకు నూలు దారం కట్టి, అక్కడినుంచి మొదలుపెట్టి తిరిగి అక్కడికి వచ్చేదాకా లెక్కపెట్టండి. ఇంకొకరి చేత మరోసారి లెక్కపెట్టించండి. 22 అంగుళాల చైనా మిషనుకు సాధారణంగా పాయింట్ 325 పిచ్, 1.5 గేజ్, 86 నాలుకలు. 20 అంగుళాలదానికి 76. అయినా మీ చైనును మీరే లెక్కపెట్టండి. బార్ మొదట్లో, మిషనుకు బిగించే చోట, ఈ మూడు కొలతలూ తరచుగా చెక్కి ఉంటాయి. నూనె, మట్టి తుడిచి చూడండి. ఆ అంకెలను చెరగని ఇంకుతో మిషను పిడి కింద, ఇంటి క్యాలెండరు వెనుక, సెల్‌ఫోనులో ఫొటోగా – మూడు చోట్లా ఉంచుకోండి.

విడిభాగాల పెట్టె

ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇవి ఉండాలి: మీ కొలత చైనులు రెండు, స్పార్క్ ప్లగ్ ఒకటి, స్టార్టర్ తాడు రెండు మూరలు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ట్యాంకు లోపలి ఫిల్టర్, బార్ నట్లు రెండు, స్ప్రాకెట్ ఒకటి, సరైన సైజు గుండ్రని ఆకురాయి, మిషనుతో వచ్చిన పానా. బార్ నట్టు బురదలో పడితే మళ్ళీ దొరకదు. దానికి పదిరెట్లు ఖరీదైన పని ఆగిపోతుంది. ప్లగ్ కొత్తదైనా పాతదైనా దాని సందు అర మిల్లీమీటరు ఉండాలి. కొబ్బరి ఎక్కువగా కోసేవారు అదనంగా నూనె పంపును, దానిని తిప్పే చిన్న మరచక్రాన్ని కూడా ఉంచుకోవాలి. చైనా మిషనులలో ఆ చక్రం ప్లాస్టిక్‌ది అయితే అదే ముందు అరుగుతుంది.

కొత్త చైను కొన్న ప్రతిసారీ స్ప్రాకెట్ పళ్ళను వేలితో తడమండి. గోరు తగిలేంత గాడి, అంటే అర మిల్లీమీటరు, పడి ఉంటే స్ప్రాకెట్ కూడా మార్చాలి. రెండు చైనులకు ఒక స్ప్రాకెట్ అన్న లెక్క పెట్టుకుంటే సరిపోతుంది. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే అది కొత్త చైనును కూడా తనలాగే సాగదీస్తుంది. బార్‌ను చైను మార్చినప్పుడల్లా తిరగవేస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

నూనె, పెట్రోలు

పెట్రోలులో కలిపే టూ టి నూనె మోతాదు మిషను మూత మీద గానీ పుస్తకంలో గానీ ఉంటుంది. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే లీటరుకు 40. ఎవరో చెప్పారని మార్చకండి. నూనె తగ్గితే పిస్టను పట్టేస్తుంది, పెరిగితే ప్లగ్ మసి పడుతుంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, డెల్టా గాలిలో తేమకు కొదువ లేదు. అందుచేత కలిపిన పెట్రోలును నెల మించి ఉంచకండి. ఒక గాజు సీసాలో పోసి చూసినప్పుడు అడుగున వేరే పొర కనబడితే అది మిషనులో పోయవద్దు.

చైను నూనె విషయంలో మన వాళ్ళు చేసే పెద్ద తప్పు ట్రాక్టరు నుంచి దించిన నల్ల నూనె పోయడం. అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది. చైను నూనె దొరకకపోతే కొత్త ఇంజన్ ఆయిల్ వాడండి. కోత మొదలుపెట్టే ముందు, మిషను వేగం పెంచి, బార్ కొనను ఒక సిమెంటు సంచి మీదికి జానెడు దూరంలో చూపించండి. సంచి మీద సన్నని నూనె చార పడాలి. పడకపోతే కోయకండి, మూత తీసి పీచు శుభ్రం చేయండి. పెట్రోలు ట్యాంకు ఒకసారి ఖాళీ అయ్యేసరికి నూనె ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి, అదే నూనె సరిగా వెళుతున్నదనడానికి గుర్తు.

పదును పెట్టడం

కోత నుంచి పొట్టు ముక్కలుగా రాలుతుంటే పదును ఉన్నట్టు, పిండిలా రాలుతుంటే పోయినట్టు. తీరం వెంబడి అంతర్వేది, సఖినేటిపల్లి వైపు సరుగుడు మానుల బెరడులో ఇసుక ఉంటుంది. వరద తాకిన మానులకు ఒండ్రు అంటి ఉంటుంది. కోసే చోట కత్తితో బెరడు గీరి, చీపురుతో ఊడ్చి, ఆ తరువాతే చైను తాకించండి. కొబ్బరి మానుకు ఎప్పుడో కొట్టిన మేకులు, వైర్లు కట్టిన కమ్మీలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. ఒక్క మేకు తగిలితే ఆ పూట పోయినట్టే.

ఆకురాయి సైజు పిచ్‌ను బట్టి ఉంటుంది: పాయింట్ 325 చైనుకు 4.8 మిల్లీమీటర్లు, చిన్న మిషనులకు వచ్చే సన్నరకం 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లు. బార్‌ను మొద్దులో గానీ వైస్‌లో గానీ కదలకుండా బిగించి, చైను బ్రేకు వేసి, పన్ను మీది గీత చూపే కోణంలో, సాధారణంగా 30 డిగ్రీలు, లోపలినుంచి బయటికి మాత్రమే రాయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని పైకి లేపండి. అన్ని పళ్ళకూ లెక్కగా అన్నేసి రాపిళ్ళు, రెండో మూడో, చాలు. ఒకవైపు పళ్ళు పొట్టివైపోతే రంపం ఆ పక్కకు లాగుతుంది. నాలుగైదుసార్లు పదును పెట్టిన తరువాత పన్ను ముందుండే చిన్న బొడిపెను బల్లపరుపు ఆకురాయితో, పన్ను అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండేటట్లు తీయండి. తొందరగా కోస్తుందని ఆ బొడిపెను మరింత తీయకూడదు, అలా చేస్తే మిషను మీ మీదికి ఎగురుతుంది.

తుపాను మర్నాడు

ముందు తీగలు చూడండి. మాను మీదో కిందో కరెంటు తీగ ఉంటే, సరఫరా లేదని అందరూ చెప్పినా సరే, 1912కు ఫోను చేసి విద్యుత్తు సిబ్బంది వచ్చి చెప్పేవరకు ముట్టుకోకండి. పొరుగింటి జనరేటరు నుంచి తీగలోకి కరెంటు రావచ్చు. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమో కాదో గ్రామ సచివాలయంలో అడగండి. కాలువగట్టు, రోడ్డు పక్క చెట్లు ప్రభుత్వానివి.

రెండు కొనలూ గట్ల మీద ఆని, నడుమ గాలిలో ఉన్న మానును పైనుంచి మూడో వంతు కోసి, మిగిలినది కిందినుంచి పైకి కోయండి. ఒక కొన ఆని, రెండో కొన గాలిలో వేలాడుతుంటే దీనికి తిరగవేత: ముందు కిందినుంచి మూడో వంతు, తరువాత పైనుంచి. ఈ క్రమం తప్పితే బార్ మానులో ఇరుక్కుంటుంది, లేదా మాను చీలి పైకి తంతుంది. వేళ్ళతో సహా లేచిన మొదలు, మానును కోయగానే తిరిగి గోతిలోకి వాలవచ్చు. ఆ గోతిలో పిల్లలు గానీ మేకలు గానీ లేరని చూసుకున్నాకే కోత పెట్టండి. బార్ కొన పైభాగం దేనికీ తగలకూడదు. మిషను ముఖం మీదికి ఎగిరేది ఆ భాగం తగిలినప్పుడే. కళ్ళద్దాలు, చెవి మూతలు, బూట్లు, బిగుతైన బట్టలు వేసుకోండి. లుంగీతో, చెప్పులతో ఈ పని చేయవద్దు. రంపాన్ని పట్టుకుని చెట్టు ఎక్కవద్దు.

పని ముగిశాక మూత తీసి, పీచును చేత్తో లాగి, పాత పళ్ళబ్రష్షుతో స్ప్రాకెట్ చుట్టూ, బార్ గాడిలో, నూనె రంధ్రం దగ్గర శుభ్రం చేయండి. చైను వేడిగా ఉన్నప్పుడు బిగించి ఉంటే వదులు చేయండి, చల్లారినప్పుడు అది కుదించుకుపోయి బార్‌ను, క్రాంకును లాగుతుంది. నెల రోజులకు మించి వాడబోకపోతే ట్యాంకు ఖాళీ చేసి, మిషనును దానంతటదే ఆగేదాకా నడిపి, కార్బురేటరులో పెట్రోలు మిగలకుండా చూసి, నేల తేమ తగలకుండా అటక మీద పెట్టండి. అక్టోబరు రాకముందు దించి, కొత్త పెట్రోలు పోసి, ఒక ఎండు మట్ట కోసి చూసి, పెట్టెలో చైనులు రెండూ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి.